కోటిక్యూల్ మీద స్లర్రీ తీయడానికి ఏ ముక్క కొనాలి?

రాయగడ నుంచి ఒకరు అడిగారు. నాన్నగారి పాత సోలింగెన్ మంగలి కత్తి ఒకటి పెట్టెలో దొరికిందట. దాన్ని నూరడానికి చిన్న బెల్జియం కోటిక్యూల్ రాయి, పన్నెండు వేల గ్రిట్ (రాయి ఎంత సన్నదో చెప్పే అంకె) అని అమ్మే చైనా రాయి తెప్పించుకున్నారు. స్లర్రీ అంటే నూరే రాయి మీద నీళ్లు పోసి చిన్న ముక్కతో రుద్దితే వచ్చే బురద లాంటిది. ఇప్పుడు ఆ ముక్క, అంటే స్లర్రీ రాయి కొందామంటే కోటిక్యూల్ ముక్క, బెల్జియం నీలం ముక్క, జపాన్ నగురా, డైమండ్ ప్లేట్ అని నాలుగు చూపిస్తున్నారు, ఏది తీసుకోవాలి? మన కొండరాళ్లలోనూ గార్నెట్ ఉంటుందంటారు కదా, అందులో ఒక ముక్క అరగదీసుకుంటే సరిపోదా? అసలు స్లర్రీ తీయడం తప్పనిసరా?

ముందు సూటిగా చెప్పేస్తాను. కోటిక్యూల్‌కి కోటిక్యూల్ ముక్కే తీసుకోండి, అదే ముక్క మీ చైనా రాయికి కూడా సరిపోతుంది. నగురా మీకు దండగ. డైమండ్ ప్లేట్, అంటే డైమండ్ గింజలు అతికించిన లోహపు ప్లేటు, రాళ్లు చదును చేసుకోవడానికి ఎలాగూ కావాలి, స్లర్రీకి కూడా వాడొచ్చు కానీ దానికి షరతులున్నాయి. కొండరాయి జోలికి మాత్రం వెళ్లొద్దు. స్లర్రీ మధ్యలో పని తొందరగా అవడానికే, చివర కత్తి గడ్డం మీదికి వెళ్లే ముందు రాయి మీద ఉత్త నీళ్లే ఉండాలి.

ఇవి ఎక్కడో చదివి చెప్తున్నవి కావు. మాది బరంపురంలో క్షవరం చేసుకు బతికే తెలుగు ఇల్లు. కొట్లో ఇప్పుడు అన్నీ మార్చే బ్లేడులే, ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి పెట్టం, పెట్టకూడదు కూడా, రక్తంతో అంటుకునే హెపటైటిస్ లాంటి జబ్బులున్నాయి. కానీ సరదాకి సొంత గడ్డం పాత కత్తితో చేసుకునేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు, ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, ఒక్కోసారి జయపురం నుంచి కూడా కత్తులు పట్టుకొస్తుంటారు. కత్తితో పాటు రాళ్లూ తెస్తారు, వాటి మీద సందేహాలూ తెస్తారు. ఎక్కువమంది అడిగేది ఈ చిన్న ముక్క గురించే.

ఎందుకు అదే రాయి ముక్క అంటున్నానో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా ప్రశ్నలకి మీరే సమాధానం చెప్పుకోగలరు. పూజకి గంధం తీసేటప్పుడు చూడండి, సాన మీద చెక్క రుద్దితే గంధం వచ్చేది సాన నుంచి కాదు, చెక్క నుంచి. మెత్తగా ఉన్నది అరుగుతుంది, గట్టిగా ఉన్నది అలాగే ఉంటుంది. స్లర్రీ కూడా అంతే. పై ముక్క మెత్తనైతే స్లర్రీ పై ముక్కది, కింది రాయి మెత్తనైతే స్లర్రీ కింది రాయిది, రెండూ ఒకేలా ఉంటే రెండింటిదీ కలిసి వస్తుంది. అంటే మీ కత్తిని అరగదీసే రేణువులు ఎక్కడివి అన్నది ఆ రెండు రాళ్ల గట్టిదనం తేలుస్తుంది, అమ్మేవాడి లేబుల్ కాదు. మంచి కింది రాయి పెట్టి, దానికంటే మెత్తగా, దానికంటే మొరటుగా ఉన్న ముక్కతో స్లర్రీ తీశారనుకోండి, మీరు కత్తి నూరుతున్నది ఆ మొరటు ముక్క మీదే. కింది రాయికి పెట్టిన డబ్బంతా వృథా.

కోటిక్యూల్ మీద కోటిక్యూల్ ముక్క రుద్దితే ఈ బెడద లేదు. పైది అరిగినా కిందిది అరిగినా వచ్చేది ఒకే రకం పొడి. బెల్జియంలో ఆర్డెన్స్ కొండల దగ్గర, వీల్సామ్ చుట్టుపక్కల దొరికే ఈ పసుపు రాయిలో కోసే పని చేసేది గార్నెట్, స్పెసార్టైన్ అనే మాంగనీస్ గార్నెట్. రాయిలో దాదాపు మూడో వంతు, కొన్ని పొరల్లో ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒక్కో గింజ పది మైక్రాన్లకి, అంటే మిల్లీమీటరులో వందో వంతుకి, అటూ ఇటూ ఉంటుంది, చాలా సన్నం. ఈ గార్నెట్ గట్టిది, నూరుతూ ఉంటే చితికి ఇంకా సన్నమైపోదు. జపాన్ రాళ్ల సంగతి వేరు, వాటి స్లర్రీ నూరే కొద్దీ నలిగి మెత్తబడుతుంది. అందుకే జపాన్ రాయి మీద ఎక్కువసేపు నూరితే స్లర్రీ దానంతటదే సన్నబడుతుంది, కోటిక్యూల్ మీద మాత్రం మీరే నీటి చుక్కలు వేస్తూ పల్చన చేసుకోవాలి. ఈ తేడా తెలియక జపాన్ రాయి మీద వీడియో చూసి కోటిక్యూల్ మీద అలాగే చేసి, కత్తి పదునెక్కలేదని రాయిని తిట్టేవాళ్లు చాలామంది.

ఇక అమ్మేవాళ్లు చూపించే మిగతావి.

నీలం ముక్క, అంటే బెల్జియం బ్లూ. పసుపు రాయి పొరకి ఆనుకుని ఉండే రాయే ఇది, ఇందులోనూ గార్నెట్ ఉంటుంది కానీ పసుపు దానికంటే తక్కువ. పసుపు రాయి మీద నీలం ముక్క వాడితే ప్రమాదమేమీ లేదు, పని నడుస్తుంది. పసుపు ముక్క దొరక్కపోతే తీసుకోండి. దొరుకుతుంటే మాత్రం పసుపుదే మేలు, కోత వేగంగా ఉంటుంది.

నగురా. ఇక్కడ రెండు వేర్వేరు వస్తువులని ఒకే పేరుతో అమ్ముతున్నారు, జాగ్రత్త. అసలు మికావా నగురా జపాన్‌లో ఐచి ప్రాంతపు సహజమైన రాయి, అందులో బోటన్ అన్నిటికంటే మొరటు, తర్వాత తెంజో, మెజిరో, చివర కోమా అన్నిటికంటే సన్నం. క్యోటో దగ్గరి గట్టి రాళ్ల మీద వీటిని ఒకదాని తర్వాత ఒకటి వాడతారు, ఆ కింది రాయి చాలా గట్టిది కాబట్టి స్లర్రీ నగురాదే వస్తుంది, చివరికి ఆ కింది రాయి ముక్కతోనే ముగిస్తారు, దాన్ని తోమో నగురా అంటారు. చూశారా, అక్కడ కూడా ఆఖరికి అదే రాయి ముక్క దగ్గరికే వచ్చారు. మంచి మికావా ముక్కని కోటిక్యూల్ మీద రుద్దడం డబ్బు పారేయడమే. రెండోది తెల్లటి కృత్రిమ నగురా, కృత్రిమ నీటిరాళ్ల పెట్టెలో వస్తుంది, రాయి ముఖం శుభ్రం చేసుకోవడానికి. దాన్ని సహజమైన రాయి మీద స్లర్రీకి వాడకండి.

డైమండ్ ప్లేట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది అనుభవజ్ఞులు దీన్నే వాడతారు, వాళ్లు చెప్పేదాంట్లో తప్పులేదు. డైమండ్ అన్ని రాళ్లకంటే గట్టిది కాబట్టి స్లర్రీ నూటికి నూరుపాళ్లూ కింది రాయిదే వస్తుంది, కలగాపులగం ఉండదు. జర్మనీలో దొరికిన పాత తురింజియన్ నూరుడు రాయి లాంటిదాన్ని ఎవరైనా పట్టుకొస్తే, దానికి జతగా అదే రాయి ముక్క దొరకడం కష్టం, అప్పుడు నేనూ ప్లేటే వాడతాను. కానీ మూడు ఇబ్బందులు. కింది రాయి అనవసరంగా అరుగుతుంది, మీ కోటిక్యూల్ చిన్నది, పల్చనిది కూడా అయ్యుంటుంది, దాని వెనక పలక అతికించి ఉంటుంది, అంటే పనికొచ్చే పసుపు పొర కొన్ని మిల్లీమీటర్లే. రెండోది, మొరటు ప్లేటుతో, అంటే 325, 400 గ్రిట్ వాటితో రుద్దితే రాయి ముఖం మీద గీతలు పడతాయి, స్లర్రీ ముద్దలు ముద్దలుగా వస్తుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది. కొత్త ప్లేట్ నుంచి వదులుగా ఉన్న డైమండ్ గింజలు ఊడతాయి. ఒక్క గింజ స్లర్రీలో కలిసినా కత్తి అంచు మొత్తం గీతలే. కొత్త ప్లేటుతో ముందు వంటింటి కత్తుల రాయి ఏదైనా బాగా చదును చేయండి, అది కాస్త నలిగాకే కోటిక్యూల్ దగ్గరికి తీసుకెళ్లండి. 1200 ప్లేట్, బాగా వాడినది, తేలిక చేత్తో, చాలు.

మీ చైనా రాయి సంగతికి వద్దాం. గ్వాంగ్‌షీ రాయి అది. పన్నెండు వేలు అనేది అమ్మకానికి పెట్టిన అంకె, భూమిలోంచి తీసిన రాయికి గ్రిట్ నంబరు ఉండదు. రాయి మంచిదే, గట్టిది, సన్నగా కోస్తుంది, కానీ ఉత్త నీళ్లతో మహా నెమ్మది. దాని మీద మీ కోటిక్యూల్ ముక్కతో స్లర్రీ తీస్తే ముక్క మెత్తన, రాయి గట్టి, కాబట్టి స్లర్రీ దాదాపు కోటిక్యూల్‌దే. పని వేగంగా నడుస్తుంది. తర్వాత శుభ్రంగా కడిగేసి ఉత్త నీళ్లతో అదే రాయి మీద ముగించండి. ఒక రాయి, ఒక ముక్కతో రెండు పనులు.

చైనా రాయి పెట్టెలో ఒక చిన్న ముక్క వచ్చి ఉంటుంది చూడండి, అది బాగుండొచ్చు, బాగోకపోవచ్చు. ఇచ్ఛాపురం నుంచి ఒక మాస్టారు ఇలాంటి జతతోనే వచ్చారు. నూరిన ప్రతిసారీ గడ్డం మంట పుడుతోందని, తోలుపట్టీ మీద ఎంత తిప్పినా తగ్గట్లేదని. అరవై రెట్ల భూతద్దం పెట్టి చూస్తే అంచు పక్కన వాలు, అంటే నూరగా అంచుకి రెండు పక్కలా ఏర్పడే ఏటవాలు ముఖం, అంతా సన్నని గీతలే, మధ్యమధ్యలో రెండు మూడు మాత్రం అంచుదాకా దిగిన లోతు గీతలు. ఆయన రాయి తప్పు కాదు, కత్తి తప్పు కాదు. ఆ చిన్న ముక్కలో ఒక పక్క ఇసుక లాంటి గట్టి పొర ఉంది. తడిపి వెలుతురికి పెడితే కొంచెం తెల్లగా కనిపించింది, గోటితో గీస్తే తగిలింది. ముక్కని తిప్పి రెండో ముఖం చదును చేసి వాడితే ఆ గీతలు పోయాయి. అందుకే ఏ ముక్క కొన్నా, ఎవరు ఇచ్చినా, మంచి కత్తి మీదికి వెళ్లే ముందు పరీక్ష చేయండి. తీసిన స్లర్రీని రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి, ఎక్కడా పలుకు తగలకూడదు. రుద్దేటప్పుడు చెవి పెట్టి వినండి, మెత్తటి సుయ్ మనే శబ్దం మధ్యలో కర్ మని ఒక్కసారి వినిపించినా ఆగిపోండి. ఆ తర్వాత పోయినా ఫర్వాలేదనుకునే పాత కత్తి ఒకటి నూరి భూతద్దంలో చూడండి.

కొండరాయి ప్రశ్న నాకు నచ్చింది, ఆలోచించి అడిగారు. మన తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా కనిపించే ఖోండలైట్‌లో గార్నెట్ ఉంటుంది, నిజమే, ఆ రాయికి ఆ పేరు పెట్టింది మన ఏజెన్సీ కొండల ఖోండుల మీదే. మా గంజాం తీరంలో ఛత్రపురం దగ్గర ఇసుక తవ్వి ఇల్మెనైట్‌తో పాటు గార్నెట్ కూడా తీస్తారు. మరి గార్నెట్ గార్నెట్టే కదా అంటారు. కాదు, పరిమాణం చూడాలి. ఖోండలైట్‌లో ఎర్ర గింజ కంటికి కనిపిస్తుంది. కంటికి కనిపించేదంటే మిల్లీమీటర్ల లెక్క. తీరం ఇసుకలోది దానికంటే చిన్నదే అయినా ఇసుక ఇసుకే, వందల మైక్రాన్ల మాట. కోటిక్యూల్ గింజ పది మైక్రాన్ల దగ్గర. పైగా ఖోండలైట్‌లో గార్నెట్‌తో పాటు క్వార్ట్జ్, సిల్లిమనైట్ కూడా పెద్ద గింజలుగా ఉంటాయి. ఆ ముక్కతో కోటిక్యూల్ మీద స్లర్రీ తీస్తే రాయీ పాడు, కత్తీ పాడు.

కొంతమంది మార్కాపురం పలక ముక్క గురించి కూడా అడుగుతారు. అది కాస్త దగ్గరి మాటే, తురింజియన్ రాళ్లు కూడా పలకజాతి రాళ్లే. కానీ మార్కాపురం పలక తవ్వింది రాసుకోవడానికి, ఇంటి పనికి, కత్తి రాయిగా ఏరి పెట్టింది కాదు. పలకరాళ్లలో పైరైట్ గింజలు ఉండొచ్చు, అవి గట్టివి. కూరగాయల కత్తి మీద సరదాకి ప్రయత్నించండి, నాన్నగారి కత్తి మీద వద్దు.

ఇప్పుడు వాడే పద్ధతి. కత్తి వాలు సరిగ్గా లేకపోతే, అంటే పాత కత్తి కదా, ముందు 1000 కృత్రిమ రాయి మీద వాలు కుదర్చాలి, స్లర్రీతోనే అంతా చేయాలనే పట్టుదల అక్కర్లేదు. వెన్ను మీద ఒక పొర కరెంటు టేపు అంటించుకోండి, వెన్ను అరగదు. కోటిక్యూల్ మీద కాసిన్ని నీళ్లు పోసి ముక్కతో గుండ్రంగా తిప్పుతూ రాయి రంగు మసగ్గా కనిపించేంత చిక్కగా స్లర్రీ తీయండి. చిన్న చిన్న ముందు వెనక స్ట్రోకులతో, కాస్త ఒత్తిడితో నూరండి. స్లర్రీ బూడిద రంగుకి తిరుగుతుంది, అది ఉక్కు, అంటే పని జరుగుతోందని. వెంట్రుకలు ముంజేతి మీద తెగడం మొదలయ్యాక ఒత్తిడి తగ్గించండి, ఒకటి రెండు చుక్కల నీళ్లు వేయండి, మళ్లీ నూరండి, మళ్లీ చుక్కలు. ఇలా రాయి మీద స్లర్రీ అన్నది కనిపించకుండా పోయేదాకా.

ఈ పల్చన చేయడం ఎందుకు ముఖ్యమో చాలామందికి ఎవరూ చెప్పరు. స్లర్రీలో రేణువులు వదులుగా తిరుగుతుంటాయి. కత్తి వాలుని అరగదీయడానికి అది మంచిదే, కానీ అంచు ముందుకి కదిలినప్పుడు ఆ రేణువులు అంచుకే ఎదురొచ్చి తగులుతాయి, చివరి అంచు సన్నగా అవుతున్నకొద్దీ అదే స్లర్రీ దాన్ని మొద్దు చేస్తుంటుంది. ఒక దశ దాటాక ఎంత నూరినా పదును పెరగదు. అప్పుడు చిక్కటి స్లర్రీతో ఇంకో గంట కూర్చున్నా లాభం లేదు, నీళ్లు కలపడమే దారి. చివర కుళాయి కింద రాయి కడిగి, కత్తి కడిగి, ఉత్త నీళ్లతో కత్తి బరువు తప్ప ఏ ఒత్తిడీ లేకుండా ముప్పై నలభై స్ట్రోకులు. తర్వాత తోలుపట్టీ. స్లర్రీ మీదే ఆపేసి తోలు మీద తిప్పి గడ్డం చేసుకునేవాళ్లు లేకపోలేదు, మెత్తటి షేవ్ వస్తుందంటారు, నాకైతే అది సగంలో ఆపిన పనిలాగే అనిపిస్తుంది.

స్లర్రీ తప్పనిసరా అన్నారు. కత్తి వాలు ఇప్పటికే బాగుండి, కొద్దిగా పదును తగ్గిందంతే అయితే అక్కర్లేదు, ఉత్త నీళ్లతో కోటిక్యూల్ మీద తిప్పితే చాలు. రోజూ గడ్డం చేసుకునేవాడికి చాలాసార్లు ఇదే సరిపోతుంది. అర్కాన్సా రాయి ఎవరైనా అంటగడితే దాని మీద స్లర్రీ ప్రయత్నమే వద్దు, అది నూనెతో వాడే గట్టి రాయి. పాత మంగలి రాళ్లు, అంటే కృత్రిమంగా చేసినవి, జేబులో పట్టేవి, వాటి మీద కూడా స్లర్రీ తీయరు. ఇక సైకిల్ మీద సాన తిప్పుతూ వచ్చే అబ్బాయికి మాత్రం ఈ కత్తి ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకండి. వేడికి ఉక్కు పాడవుతుంది, లోపలికి వంపు తీసిన పల్చటి కత్తి అది, చక్రం మీద బతకదు.

కొన్ని చిన్న జాగ్రత్తలు. ముక్క నాలుగు మూలలూ, అంచులూ గుండ్రంగా అరగదీయండి. కోసుగా ఉంటే చిన్న చిప్ప ఊడి స్లర్రీలో పడుతుంది, లేదా కింది రాయి మీద గీత పెడుతుంది. ముక్క ముఖం కూడా చదునుగా ఉండాలి, గాజు పలక మీద నీళ్లలో వాడే ఎమెరీ కాగితం పరిచి తడి మీదే చదును చేయండి, పొడిగా చేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. చేశాక పాత టూత్ బ్రష్‌తో బాగా తోమి కడగండి, కాగితం నుంచి ఊడిన నల్ల గింజలు మెత్తటి రాయిలో ఇరుక్కుంటాయి. బోరు నీళ్లలో సన్న ఇసుక వచ్చే ఇళ్లు మా తీరంలో చాలా ఉన్నాయి, మీ దగ్గరా అలా వస్తే గుడ్డతో వడకట్టిన నీళ్లే వాడండి. వానాకాలంలో పని అయ్యాక కత్తి తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి పెట్టండి, లేకపోతే మర్నాటికి మచ్చ.

ముక్క సైజు గురించి పెద్దగా ఆలోచించొద్దు. రెండు వేళ్ల వెడల్పు, పట్టుకోవడానికి వీలైనంత మందం ఉంటే చాలు, అది మీ జీవితకాలం వస్తుంది. కొత్త కోటిక్యూల్ రాళ్లతో చాలాసార్లు ముక్క పెట్టెలోనే ఇస్తారు, ముందు మీ పెట్టె అడుగున మళ్లీ ఒకసారి వెతకండి. పాత పొదిల్లో పెద్ద రాయి పక్కన బొటనవేలంత ముక్క కనిపిస్తే విరిగిన ముక్కేమో అని పారేయకండి, పర్లాకిమిడిలో ఒక ఇంట్లో అలాంటిదాన్ని బల్ల కాలి కింద పెట్టి వాడుతుండగా చూశాను.

విడిగా కొనాల్సి వస్తే అమ్మేవాళ్లని ముక్కని నీళ్లతో తడిపి తీసిన ఫోటో అడగండి, పొడిగా ఉన్న ఫోటోలో లోపాలు కనిపించవు. పసుపు రాయిలో సన్నని నల్ల గీతలు, చుక్కలు మాంగనీస్ వల్ల వచ్చేవి, చాలావరకు హాని చేయవు, వాటికి భయపడొద్దు. వేలికి గట్టిగా తగిలే గీత, రంగు మారిన పలుకుల పొర, పగులు ఉంటే మాత్రం వద్దనండి. ఫోటో పంపలేమంటే ఇంకో చోట చూసుకోండి.